చెవిలో హోరు – రోగశేషముతో బ్రతుకు
(రాయపూర్‌లో ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పండుగ సభలో రోగప్రసంగమేల యని మీలో కొందరికి తోచవచ్చును. ఉగాది పచ్చడిలో వేపపూవునకు చోటున్నట్లే ఈ సభలో నా విషయమునకును చోటుండునని కార్యవర్గము వారు ధైర్యము చెప్పినారు. వారికి నా కృతజ్ఞతలు.

నా ఎడమ చెవిలో నాలుగు సంవత్సరములుగా ఒక హోరు ఎడతెగక మ్రోగుచున్నది. అందుకు మూలము చెవి లోపలి నరముపై పెరిగిన శనగగింజంత కణితి. దానితో బ్రతుకుట యెట్లో నేను తెలిసికొన్నంతవరకు మనవి చేయుదును.

చెవిలో మ్రోత క్రొత్త రోగము కాదు. సుశ్రుతుడు చెవి రోగములను ఇరువది యెనిమిదిగా లెక్కించి, అందు కర్ణనాదమును చేర్చినాడు. మన వేమన చెవిలోని జోరీగను భరింపరాని బాధలలో నొకటిగా చెప్పినాడు. నేడును లోకమున పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఈ మ్రోత ననుభవించుచున్నారు. వీరిలో చాలమందికి కారణము వయస్సో, గులిమియో, పెద్ద చప్పుళ్లో అయి యుండును. మన ఊరి రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులోను, ఉర్లా, సిల్‌తరా కర్మాగారములలోను ఏండ్లకొలది ఇనుప మ్రోతల నడుమ పనిచేసిన వారికి ఇది వచ్చుట వింత కాదు. అట్టిది సాధారణముగా రెండు చెవులకును వచ్చును.

మ్రోత ఒక్క చెవిలోనే నిలిచి, ఆ చెవికే వినికిడి తగ్గుచున్నచో మాత్రము పరీక్ష చేయించుకొనక తప్పదు. టెలిఫోను ఆ చెవికి పెట్టినప్పుడు ధ్వని వినబడియు మాట తెలియకుండుట, పిలుపు ఏ ప్రక్కనుండి వచ్చినదో పోల్చలేకుండుట, చీకటిలో అడుగు తూలుట – ఇవి గుర్తులు. ఒంటి చెవి మ్రోత గలవారిలోను కణితి ఉండువారు బహు స్వల్పము. కావున భయపడ వలదు, ఉపేక్షింపను వలదు.

చెవినుండి మెదడునకు పోవు ఎనిమిదవ నరములో వినికిడి తంతువులును, శరీరపు నిలకడను తెలుపు తంతువులును కలిసి యుండును. ఆ నరపు తొడుగునుండి పుట్టునదే ఈ కణితి. అకౌస్టిక్ న్యూరోమా యని పాతపేరు. వెస్టిబ్యులర్ ష్వానోమా యని నేటి పేరు. ఏటా లక్షమందిలో ఒకరిద్దరికి ఇది బయటపడుచుండును. ఇది క్యాన్సరు కాదు, ఇతర అవయవములకు ప్రాకదు. కాని ఇరుకైన ఎముక కాలువలో, ముఖమును కదలించు నరము ప్రక్కనే కూర్చుండును. మిక్కిలి పెరిగినచో మెదడు కాండమును నొక్కి ప్రాణాపాయము తెచ్చును.

1917లో అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ ఈ కణితులపై ఒక గ్రంథము ప్రకటించి, తొలి సూచన తరచుగా చెవిలోనే కలుగుననియు, తక్కిన లక్షణములు పిదప వచ్చుననియు వివరించినాడు. ఆ కాలమున కణితి పెద్దదైన తరువాతనే తెలియుచుండెను. నేడు వినికిడి పరీక్షయు, ఎం.ఆర్.ఐ. పరీక్షయు కొలది మిల్లీమీటర్ల కణితిని సైతము చూపుచున్నవి. 2012లో ఎయిమ్స్ ఏర్పడిన పిమ్మట రాయపూర్‌లో చెవి వైద్యులును, మెదడు శస్త్రవైద్యులును ఒకే ఆవరణమున లభించుచున్నారు. వెల్లుల్లి వేసి కాచిన నూనెను చెవిలో పోయుట మన ఇండ్లలో వాడుక. ఆ నూనె చెవిగూబను దాటి పోదు. కణితి యున్నది అంతకు చాల లోపల, ఎముక చాటున.

కణితి కనబడిన పిదప మార్గములు మూడు: శస్త్రచికిత్స చేసి తీయుట, గామా నైఫ్ వంటి యంత్రముతో కిరణములను గురిచేసి పెరుగుదలను ఆపుట, కాలానుగుణముగా ఎం.ఆర్.ఐ. తీయించుచు కనిపెట్టి యుండుట. చిన్న కణితులలో పెక్కు ఏండ్ల తరబడి పెరుగకయే యుండును. అందుచేత వైద్యులు నాకు మూడవ మార్గమును సూచించినారు.

ఇచ్చటనే మా ఇంట పెద్ద చర్చ జరిగినది. ఋణశేషము, శత్రుశేషము, రోగశేషము ఉంచరాదని మన పెద్దల మాట. శ్రీకాకుళమునుండి వచ్చిన మా మామగారు ఆ మాటనే పట్టుకొని, "తీయించివేయుము నాయనా, పీడ వదలిపోవును" అనిరి. ఆయన ప్రేమను నేను శంకింపలేదు. కాని తీయించినంత మాత్రమున హోరు పోవునని ఏ వైద్యుడును మాట ఇయ్యలేదు. అమెరికా సినిమా నటుడు మార్క్ రఫలోకు 2001 ప్రాంతమున ఇట్టి కణితి బయటపడగా శస్త్రచికిత్స చేసిరి. ప్రాణము దక్కినది, ముఖమున ఒక ప్రక్క చచ్చుబడి కొంతకాలమునకు కోలుకొన్నది, ఎడమ చెవి వినికిడి మాత్రము మరల రాలేదు. పెరుగుచున్న కణితికి ఆ మూల్యము చెల్లింపవలసినదే. పెరుగని దానికి ముందుగా చెల్లింప నేల?

నరమును కోసినను హోరు నిలిచియుండుట ఎట్లని మీరు అడుగవచ్చును. దూరపు స్టేషను సరిగా అందనప్పుడు రేడియో ధ్వనిని హెచ్చించినచో పాటకు బదులు గరగర వినవచ్చును గదా! చెవినుండి వార్త తగ్గినప్పుడు మెదడు కూడ తన ధ్వనిని హెచ్చించుకొనును. ఆ గరగరయే హోరు. మొదట చెవిలో పుట్టినను తరువాత దాని కాపురము మెదడులోనే. దీనిని మాన్పునట్టి మందు నేటివరకు నిరూపింపబడలేదు. కాని మెదడు దానిని లక్ష్యపెట్టకుండుటకు అలవాటు పడగలదు. ఆలోచనా ధోరణిని మార్చు మానసిక చికిత్స ఇందుకు తోడ్పడునని పరిశోధనలు చెప్పుచున్నవి. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రమును ఉపకరించును.

నిశ్శబ్దము ఈ హోరునకు ఎరువు వంటిది. రాయపూర్ వేసవిలో కూలరు రాత్రియంతయు మ్రోగుచుండగా నా హోరు దానిలో కలిసిపోవును. చలికాలపు రాత్రులలోనే కష్టము. అప్పుడు పంకా గాని, సన్నని సంగీతము గాని పెట్టుకొని పడుకొందును. నిద్ర చెడి, దిగులు పేరుకొన్నచో దానిని వైద్యునికి చెప్పుట సిగ్గుపడవలసిన పని కాదు.

ఇంటివారికిని సహోద్యోగులకును ఒక విన్నపము. ఒక చెవి వినబడని వాడు పలుకకున్నచో గర్వి యని తలపకుడు. వినబడు ప్రక్కకు వచ్చి, ముఖము చూచి మాటలాడుడు. ఆఫీసులో నా బల్లను ఎడమవైపు గోడకు జరిపించిన మిత్రుడు నాకు చేసిన మేలు ఏ మందును చేయలేదు. అమ్మలారా, "ఎన్నిసార్లు చెప్పవలెను" అను మాటను కొంచెము తగ్గింపుడు. అలసట మాకును కలదు.

బొహీమియా సంగీత విద్వాంసుడు స్మెతనా 1874లో చెవిటివాడైనాడు. ఆయన రోగము వేరు. చెవిలోని కూత మాత్రము మాబోటిదే. 1876లో తన జీవితకథగా కూర్చిన వాద్యచతుష్టయపు చివరి భాగమున ఆ కూతనే వయొలిన్‌పై ఒక దీర్ఘమైన తారస్వరముగా నిలిపినాడు. మనకంతటి ప్రతిభ లేకపోవచ్చును. కాని పోగొట్టుకొనలేని దానికి బ్రతుకులో ఒక మూల చోటిచ్చి, తక్కిన ఇంటిని మన వశమున ఉంచుకొనుట మనకును సాధ్యమే.

రోగశేషము ఉంచరాదన్న పెద్దల మాట నిజమే. ఉంచక తప్పనప్పుడు దానిపై కన్నువేసి యుంచుటయు వివేకమే.