మన పళ్లెం, మన నడక

(కొల్లేటికోటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బరువు తగ్గడం గురించి మాట్లాడమని మీరు అడిగినప్పుడు మొదట నాకు ఇబ్బందిగానే అనిపించింది. ఆడదాని ఒళ్లు చూసి వెలకట్టే పెళ్లిచూపుల సంస్కృతిని ఇన్నేళ్లుగా ప్రశ్నిస్తున్నాం, మళ్లీ మనమే తూకం మీద నిలబడాలా అనుకున్నాను. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. దాదాపు 59 మందికి రక్తహీనత. ఒళ్లు పెరుగుతోంది, రక్తం లేదు. దీన్ని తిండిపోతుతనం అని కొట్టిపారేయడం అన్యాయం.

మన చెరువుల్లో పెరిగిన బొచ్చెలు, శీలావతులు ఐసులో సర్దుకుని బెంగాల్, అస్సాం దాకా వెళతాయి. మన ఇంట్లో కూర వండిన రోజున ముక్కలు ముందు మగవాళ్లకి, తర్వాత పిల్లలకి. ఆఖరున కూర్చున్న ఆమెకి మిగిలేది పులుసూ, గిన్నె అడుగున అన్నమూ. పారేయడానికి మనసొప్పక అదంతా ఆమే తింటుంది. రేషన్ కార్డు మీద ప్రధానంగా వచ్చేదీ బియ్యమే.

మరి ఏ పద్ధతి మంచిది? మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేని వంట చెప్పారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మానేసి కొవ్వు తినమన్నారు. రెంటికీ మన జిల్లాల్లో ఎందరో అనుచరులున్నారు. 2018లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందిని రెండు జట్లు చేసి, ఏడాదిపాటు ఒక జట్టుకి కొవ్వు తక్కువ తిండి, రెండో జట్టుకి పిండిపదార్థం తక్కువ తిండి సూచించారు. సగటున మొదటి జట్టు 5.3 కిలోలు, రెండోది 6 కిలోలు తగ్గింది. అది చెప్పుకోదగ్గ తేడా కాదన్నారు. అంటే, ఏళ్ల తరబడి పాటించగలిగిందే మనకి పనికొచ్చే పద్ధతి.

నా అనుభవం చెబుతాను. నేనూ మూడు నెలలు అన్నం మానేశాను. ఇంటిల్లిపాదికీ ఒక వంట, నాకొక వంట. ఆరు కిలోలు తగ్గాను. రెండో వంట చేసే ఓపిక పోయాక ఆ ఆరూ తిరిగొచ్చాయి. ఆడదాని పథ్యం ఆమెకి అదనపు చాకిరీ అయినంతకాలం అది నిలవదు. మారాల్సింది ఇంటి వంట. 2024లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది కూడా అందరికీ వర్తించేదే: పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదు. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, చేప పెంచాలి. అందులో ఆమె వాటా ముందే తీసి ఉంచాలి. షుగరు మందులు వాడేవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్ని అడగకుండా తిండి మార్చకండి.

"పొద్దున్నించీ పనే కదా, ఇంకా వ్యాయామమా?" అంటారు. రొయ్యల షెడ్డులో గంటల తరబడి నిలబడితే నడుం విరుగుతుంది గానీ, వేగంగా నడిచినప్పుడు గుండెకి దక్కే మేలు దక్కదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అంటోంది. అంటే అయిదు రోజులు, రోజుకి అరగంట. మధుమేహం అంచున ఉన్నవాళ్ల మీద చేసి 2006లో ప్రచురించిన చెన్నై అధ్యయనంలో తిండీ నడకా మార్చుకున్నవారికి జబ్బు వచ్చే ముప్పు 28 శాతం పైగా తగ్గింది. వారి బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ మేలు జరిగింది. కాబట్టి ముల్లు కదల్లేదని మానేయకండి.

అయితే ఎక్కడ నడవాలి? తెల్లవారుజామున చెరువు గట్టు మీద ఒంటరి ఆడది నడిస్తే ఎన్ని చూపులు, ఎన్ని మాటలు! అయిదారుగురు కలిసి నడవండి. వీధి దీపాలు వేయమని, సాయంత్రం బడి ఆవరణ తెరవమని పంచాయతీని అడగండి. రేషన్‌లో పప్పు, చిరుధాన్యాలు క్రమం తప్పకుండా ఇమ్మని అర్జీ పెట్టండి.

మూడు నెలల తర్వాత మళ్లీ కలుద్దాం. ఎన్ని కిలోలు తగ్గారని నేను అడగను. మీరు నడిచిన ఆ అరగంటా పొయ్యి దగ్గర ఎవరున్నారో చెప్పండి చాలు.