టువిక్స్ పక్షాన ఎవరు మాట్లాడారు?

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ నెల ప్రసంగానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. కరువుభత్యం బకాయిల గురించి చెప్పడానికి కార్యదర్శిగారు ఉన్నారు. రక్తపోటు గురించి చెప్పడానికి డాక్టరుగారు ఎలాగూ వస్తారు. అందుచేత నేను ఒక అమెరికన్ టెలివిజన్ సీరియల్ గురించి మాట్లాడతానన్నాను. కొందరు మిత్రులు నవ్వారు. నవ్వినా ఫరవాలేదు. ఆ సీరియల్‌లో ఒక భాగం 1996 మే 6న ప్రసారమైంది. ఆ రోజుల్లో దాన్ని చూసిన అభిమానులు మొదలుపెట్టిన వాదన ఇంతవరకు తెగలేదు. ఆ వాదన మనబోటి పెద్దవయసు వాళ్ళకు పనికివచ్చేదని నా అభిప్రాయం.

'స్టార్ ట్రెక్' పేరు మీలో చాలామంది విన్నదే. మొదటి సీరియల్ అమెరికాలో 1966లో ప్రారంభమైంది. 1980లలో మన దూరదర్శన్‌లోనూ వచ్చింది. మొనదేలిన చెవులతో, నవ్వకుండా మాట్లాడే స్పాక్ అనే పాత్ర కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ కోవలోనిదే 'వాయేజర్'. 1995 జనవరి నుంచి 2001 మే వరకు నడిచింది. కథ ఏమిటంటే, వాయేజర్ అనే అంతరిక్ష నౌక మన భూమికి 70 వేల కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుపోతుంది. తిరిగి రావడానికి ఒక మనిషి జీవితకాలమంత పడుతుంది. పై అధికారి లేడు, కోర్టు లేదు, అప్పీలు లేదు. ఏ నిర్ణయమైనా కెప్టెన్ జేన్‌వే అనే మహిళదే.

ఆ నౌకలో టువాక్ అని ఒక భద్రతాధికారి. స్పాక్ జాతివాడు, ఆవేశం ఎరగనివాడు, తర్కమే ప్రాణంగా బతికేవాడు. నీలిక్స్ అని ఒక వంటవాడు. వాగుడుకాయ, అందరికీ ఆప్తుడు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ వరస. వీరిద్దరూ ఒక గ్రహం మీద మొక్కలు సేకరించి తిరిగి వస్తున్నారు. మనుషులను ఒకచోటి నుంచి మరొకచోటికి క్షణంలో పంపే యంత్రం వీరి నౌకలో ఉంది. ఆ మొక్క గుణం వల్ల ఆ యంత్రంలో ఇద్దరూ కలిసిపోయి ఒకే మనిషిగా దిగుతారు. ఇద్దరి జ్ఞాపకాలూ ఉన్నాయి, ఇద్దరి నేర్పూ ఉంది, కాని మనసు మాత్రం తనదే. తనకు తానే టువిక్స్ అని పేరు పెట్టుకుంటాడు.

విడదీసే మార్గం వెంటనే దొరకదు. కొన్ని వారాలు గడుస్తాయి. టువిక్స్ భద్రతా విధులు చేస్తాడు, వంటా చేస్తాడు. నౌకలో వాళ్ళకు మిత్రుడవుతాడు. అప్పుడు డాక్టరు విడదీసే ఉపాయం కనిపెడతాడు. అందరూ సంతోషిస్తారు, ఒక్కడు తప్ప. టువిక్స్ తనకు చావాలని లేదంటాడు. కెప్టెన్ ఆలోచించి, విడదీయక తప్పదని తీర్పు చెబుతుంది. అతడు నౌకను నడిపే గదిలో నిలబడి, ఒక్కొక్కరి ముఖం చూస్తూ తనను కాపాడమని వేడుకుంటాడు. ఎవరూ నోరు మెదపరు. తలలు దించుకుంటారు. చివరికి అతడే మిమ్మల్ని క్షమిస్తున్నానని చెప్పి వెంట నడుస్తాడు. వైద్యశాలలో డాక్టరు, ఇష్టం లేని మనిషి ప్రాణం తీయడం తన ధర్మానికి విరుద్ధమని పక్కకు తప్పుకుంటాడు. కెప్టెన్ తన చేత్తోనే ఆ పని పూర్తిచేస్తుంది. టువాక్, నీలిక్స్ లేచి నిలబడతారు. ఆమె వారిని పలకరించి మౌనంగా బయటికి నడుస్తుంది. కథ అక్కడితో సమాప్తం.

ఇక వాదన వినండి. కెప్టెన్ చేసింది సబబే అనేవారు మొదట లెక్క చెబుతారు. ఇద్దరు పోయి ఒకడు మిగిలాడు. ఒకడు పోతే ఇద్దరు బతుకుతారు. టువాక్‌కు ఊళ్ళో భార్యాబిడ్డలు ఉన్నారు. నీలిక్స్ కోసం కెస్ అనే అమ్మాయి ఎదురుచూస్తోంది. ఆ ఇద్దరూ నోరు తెరిచి అడగలేని స్థితిలో ఉన్నారు కనుక వారి తరఫున కెప్టెనే నిలబడాలి అంటారు. ఇది తేలికగా తీసిపారేసే మాట కాదు.

రెండో పక్షంవారు, మనుషులు బియ్యం బస్తాలు కారు, తూకం వేయడానికి అంటారు. టువిక్స్ ఎవరినీ చంపి పుట్టలేదు. ప్రమాదంలో పుట్టాడు. నేరం చేయనివాణ్ణి, బతకాలని ఉందని చెబుతున్నవాణ్ణి చంపడం హత్యే తప్ప చికిత్స కాదంటారు. మధ్యేమార్గంవారు ఇంకొక సూక్ష్మం చెబుతారు. మొదటి గంటలోనే విడదీసి ఉంటే ఎవరూ ఆక్షేపించరు గదా, మరి కొన్ని వారాలు గడిచేసరికి ఏం మారింది? అతడికి ఒక పేరు వచ్చింది, స్నేహితులు వచ్చారు, రేపటి మీద ఆశ వచ్చింది. మనిషి అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మనకు ఇటువంటి చిక్కుప్రశ్నలు కొత్త కాదు. 'చందమామ'లో బేతాళ కథలు చదివి పెరిగినవాళ్ళం. తలలు తారుమారైన కథలో అసలు భర్త ఎవరని బేతాళుడు అడిగితే విక్రమార్కుడు జవాబు చెబుతాడు, బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. కాని అక్కడ తీర్పు చెప్పినందువల్ల ఎవరి ప్రాణమూ పోదు. ఇక్కడ పోతుంది. తేడా అది.

కథలను వదిలి నిజంగా జరిగిన సంగతికి వద్దాం. న్యాయశాస్త్రం చదివినవారు ఈ కేసు ఎరుగుదురు. 1884లో మినియోనెట్ అనే చిన్న ఓడ ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు బయలుదేరి, దక్షిణ అట్లాంటిక్‌లో మునిగిపోయింది. నలుగురు చిన్న పడవలో మిగిలారు. కెప్టెన్ డడ్లీ, స్టీఫెన్స్, బ్రూక్స్, పదిహేడేళ్ళ పార్కర్. తిండీ నీళ్ళూ లేవు. సుమారు మూడు వారాలకు ఆ కుర్రవాడు నీరసించి పడిపోయాడు. స్టీఫెన్స్ సమ్మతితో డడ్లీ అతణ్ణి చంపాడు. ముగ్గురూ ఆ శరీరం తిని బతికారు. నాలుగు రోజులకు ఒక ఓడ వచ్చి రక్షించింది. ఒకడు పోయి ముగ్గురు మిగిలారు. లెక్క ప్రకారం లాభమే. కాని ఇంగ్లండు న్యాయస్థానం దాన్ని హత్య అంది. ఎవరి ప్రాణం విలువైనదో కొలిచే కొలబద్ద ఏది, ఆ అవసరం ఉందో లేదో తేల్చవలసినది ఎవరు అని ప్రధాన న్యాయమూర్తి కోల్‌రిడ్జ్ ప్రశ్నించారు. ఆ చావు వల్ల లాభపడేవాడే తీర్పరి అయితే ఇక న్యాయమెక్కడిది? మరణశిక్ష వేశారు, తరువాత దాన్ని ఆరు నెలల జైలుగా తగ్గించారు. చట్టం తన మాట చెప్పింది, దయ తన మాట చెప్పింది.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేవాడు బ్రూక్స్. అతడు చంపడానికి ఒప్పుకోలేదు. కాని తినడంలో పాలు పంచుకున్నాడు. అతని మీద కేసు సాగలేదు, కోర్టులో సాక్షి అయ్యాడు. ఆ పడవలో కాదన్న మాట ఒకటి ఉంది. అది కుర్రవాణ్ణి కాపాడలేదు.

ఇంకొక కేసు చెబుతాను. 2000లో ఇంగ్లండులో శరీరాలు అతుక్కుని పుట్టిన ఇద్దరు ఆడశిశువుల విషయం కోర్టుకు వచ్చింది. విడదీయకపోతే కొన్ని నెలల్లో ఇద్దరూ పోతారు. విడదీస్తే ఒకరు బతకవచ్చు, రెండోవారు తప్పక పోతారు. తల్లిదండ్రులు శస్త్రచికిత్స వద్దన్నారు. 2000 సెప్టెంబరులో అప్పీలు న్యాయస్థానం అనుమతి ఇచ్చింది, నవంబరులో మాంచెస్టర్‌లో విడదీశారు. ఒక శిశువు బతికింది. ఆ తీర్పు తప్పో ఒప్పో నేను చెప్పబోవడం లేదు. గమనించవలసింది ఒకటే. చనిపోబోయే శిశువు పక్షాన కూడా ప్రత్యేకంగా న్యాయవాదిని పెట్టారు. కళ్ళు తెరిచి లోకం చూడలేని పసిగుడ్డు తరఫున ఒకరు లేచి, ఈమె కూడా మనిషే అని వాదించారు. అప్పుడు తీర్పు చెప్పారు.

వాయేజర్ నౌకలో లేనిది అదే. అభిమానులు కెప్టెన్ జేన్‌వే గురించి తగువులాడుకుంటారు. నన్నడిగితే, ఆ గదిలో మిగతావాళ్ళ గురించి తగువులాడుకోవాలి. టువాక్ పక్షాన, నీలిక్స్ పక్షాన మాట్లాడడానికి కెస్ ఉంది, కెప్టెన్ ఉంది. టువిక్స్ పక్షాన టువిక్స్ ఒక్కడే. నిన్నటిదాకా అతని చేతివంట తిన్నవాళ్ళు ముఖం తిప్పుకున్నారు.

మరి డాక్టరు మాటేమిటి, అతడు కాదన్నాడు గదా అంటారు. అన్నాడు, దానికి దండం పెట్టవలసిందే. ఆ నౌకలో అతడొక్కడే ఆ మాట అన్నాడు. కాని ఉద్యోగం చేసి వచ్చిన మనకు ఒక సూక్ష్మం తెలుసు. నేను సంతకం పెట్టను అనడం వేరు, ఈ పని జరగకూడదు అని నోట్ రాసి ఫైలులో పెట్టడం వేరు. మొదటిది మన చేతులు శుభ్రంగా ఉంచుతుంది. రెండోది అవతలివాడికి పనికివస్తుంది. డాక్టరు పక్కకు జరిగాడు, పని ఆగలేదు.

ఐతరేయ బ్రాహ్మణంలో శునశ్శేపుడి కథ ఉంది. హరిశ్చంద్రుడు తన కొడుకును వరుణుడికి బలి ఇస్తానన్న మాట తీర్చడానికి, ఆ కొడుక్కు బదులు శునశ్శేపుణ్ణి తెస్తారు. నూరు ఆవులకు కన్నతండ్రే అమ్ముతాడు. యజ్ఞశాలలో పెద్దపెద్ద ఋషులున్నారు. బాలుణ్ణి యూపస్తంభానికి కట్టడానికి ఎవరూ ముందుకు రారు. తండ్రే మరో నూరు ఆవులు పుచ్చుకుని కడతాడు, మరో నూరింటికి కత్తి నూరుతాడు. కట్టనన్నవారు చాలామంది ఉన్నారు. విప్పండి అన్నవాడు మాత్రం లేడు. ఆ పిల్లవాడు దేవతలను తానే ప్రార్థించుకుని బంధాలు విడిపించుకున్నాడు. టువిక్స్‌కు ఆ అదృష్టం లేకపోయింది.

ఇదంతా ఎక్కడో ఆకాశంలో జరిగిన సంగతి అనుకోకండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, బతికే ఉన్నామని రుజువు చేసుకునేవాళ్ళం మనం. మనం అడగకుండానే మన గురించి నిర్ణయాలు జరిగే వయసులో ఉన్నాం. తల్లిని ఏ కొడుకు దగ్గర ఎన్ని నెలలు ఉంచాలి, ఊళ్ళో ఇల్లు అమ్మాలా, నాన్నగారికి ఆపరేషను చేయించాలా వద్దా అని హాల్లో కూర్చుని మాట్లాడతారు. లెక్కలన్నీ సరిగ్గానే వేస్తారు. ప్రేమ లేక కాదు. కాని ఆ పెద్దావిడ పక్క గదిలో మెలకువగానే ఉంటుంది, ఆమెను పిలిచి అడిగేవారు ఉండరు. అడిగితే ఆమె చెప్పిందే చేయాలని నేననడం లేదు. ఇద్దరు కొడుకుల ఇబ్బందులూ నిజమైనవే. కాని ఆమె మాట పడకుండా తేల్చిన లెక్క ఎంత కచ్చితమైనా అది తీర్పు కాదు.

జేన్‌వే చేసింది తప్పా ఒప్పా అని మీరు నన్ను నిలదీస్తే, తప్పనే నా ఓటు. ఒప్పన్నవారితో నాకు పేచీ లేదు. టీ తాగుతూ వాదించుకుందాం. మన సంఘం తరఫున ఒక చిన్న పని చేయవచ్చునని మాత్రం మనవి చేస్తున్నాను. మన సభ్యులలో మంచం పట్టినవారు, ఒంటరిగా ఉన్నవారు ఉన్నారు. వారి గురించి ఇంట్లో ఏదైనా పెద్ద నిర్ణయం జరుగుతోందని తెలిస్తే, ఇద్దరు వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చుని, నీ మాట ఏమిటి అని అడిగి రావాలి. ఇంటివాళ్ళతో తగవు పెట్టుకోవడానికి కాదు, ఆ మాట నలుగురిలో పడటానికి.