పాతబడి మట్టిలోని సాక్ష్యములు



పూర్వము మన గ్రామములలో వీథిబడులు అరుగులమీదను, పూరిపాకలలోను సాగినవి. వానిలో అనేకమునకు హాజరుపట్టీలు లేవు. ఉన్న కాగితములు చెదల పాలైనవి. అట్టి బడి యెన్నడు పుట్టినది, ఎంతకాలము నడచినది అని యడిగినచో, బదులు చెప్పగల సాక్షులు ఆ నేలలో జారిపడిన లోహపు ముక్కలే.

వానిని కనుగొనుటకు నేడు మెటల్ డిటెక్టరు అను యంత్రము కలదు. దాని తీగచుట్టలో ప్రవహించు విద్యుత్తు చుట్టును అయస్కాంత క్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రమున లోహమున్నచో దానిలోను సన్నని ప్రవాహములు పుట్టును. యంత్రము వానిని గుర్తించి మ్రోగును. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు శరీరమున చిక్కిన తుపాకిగుండును వెదకుటకు గ్రాహంబెల్ ఇట్టి పరికరమునే వాడెను, గుండు దొరకలేదు. యంత్రము చెప్పునది ‘ఇచట లోహము కలదు’ అను ఒక్కమాట మాత్రమే. అది కాణియో, మేకో తేల్చవలసినవాడు మనుష్యుడు.

మేకు నలుపలకగా నుండి మొనవైపు సన్నగిల్లినచో అది కమ్మరి కొలిమిలోనిది కావచ్చును. నిడివియంతయు ఒకేలావున గుండ్రముగా నున్నచో అది యంత్రశాలలో తీగెనుండి చేసినది. తాటాకుపై వ్రాయు ఇనుప గంటము దొరికినచో, అది కాగితము వాడుక పెరుగకపూర్వపు చదువును జ్ఞప్తికి తెచ్చును.

నాణెములు మరింత స్పష్టముగా పలుకును. 1803, 1808 సంవత్సరములు గల రాగికాసులు చెన్నపట్టణపు రాజధానికై కంపెనీవారు ముద్రించినవి. 1835 మొదలు కంపెనీ ఏలుబడియంతటికి ఒకేతీరు నాణెములు వచ్చినవి. 1862 నుండి విక్టోరియా ‘రాణి’. 1877 నుండి ‘చక్రవర్తిని’. 1943 మొదలు 1947 వరకు ముద్రించిన కాణికి నడుమ రంధ్రముండును. అదియే మన పెద్దలెరిగిన చిల్లుకాణి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. 1964లో ‘నయా’ అను మాట తొలగినది. నైజాము నాణెములపై నుండునది హిజ్రీ సంవత్సరము. అది చాంద్రమానము, సుమారు 354 దినములే; కావున ఎల్లకాలమునకు ఒకే అంకెను కూడి లెక్క సరిపుచ్చరాదు. హిజ్రీ 1321 అనగా 1903–04.

అయినను తొందర తగదు. నాణెముపై 1835 అని యున్నంతమాత్రమున బడి 1835 నాటిదని పద్దు వ్రాయరాదు. ఆ నాణెము అంతకుముందు అచట పడలేదనుటకే అది సాక్ష్యము. కాణి చేతులు మారుచు దశాబ్దములు తిరుగును; ఆ తరువాతనే మట్టిలో పడియుండవచ్చును. దున్నిన నేలలో లోతును నమ్మరాదు. కదలని పొరలో దొరికిన వస్తువులలో అన్నిటికంటె కడపటి సంవత్సరమే ఆ పొరకు హద్దు.

మనవారు రాగిని చూచినంతనే చింతపండుతో తోముదురు. చెంబునకు అది మంచిదే, పాతనాణెమునకు చేటు. పులుపు పైపొరను తినును, తోముడు అక్షరములను అరుగదీయును. మంచినీట కడిగి, ఆరబెట్టి, కాగితమున చుట్టవలెను. ఏ గోడకు ఎన్ని అడుగుల దూరమున, ఎంత లోతున, ఏ తేదీన దొరికినదో ఆ కాగితముపైననే వ్రాయవలెను. చోటు తెలియని నాణెము, సంతకములేని దస్తావేజు వంటిది.

చోటు విలువకు గోదావరి యొడ్డునగల కోటిలింగాలయే నిదర్శనము. అచట దొరికిన చిన్ననాణెములపై శాతవాహన మూలపురుషుడైన చిముకుని పేరు కనబడినది. అవియే ఊరు పేరు తెలియక ఎచటనో అంగడిలో దొరికియున్నచో, తెలంగాణమున శాతవాహనుల తొలినాళ్లకు అంతటి సాక్ష్యము కాజాలకపోయెడివి.

చట్టమును మరువరాదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దాగియున్న పదిరూపాయలకు మించిన సొత్తు దొరికినచో కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. దాచినవానికి ఏడాదివరకు చెరసాల పడవచ్చును. స్థలము యజమాని అనుమతి లేక వెదకరాదు. రక్షిత స్థలములలో త్రవ్వనేకూడదు.

పాతబడుల నేలలపై క్రొత్తకట్టడములు లేచుచున్నవి. పునాది మట్టితోపాటు ఆ సాక్ష్యములు బండ్లకెక్కి పోవును. మిగిలిన రాగి తూకమున అమ్ముడుపోవును. ఈ రజతోత్సవమున గ్రంథాలయము ఒక చిట్టాను తెరచి, దొరికిన ప్రతివస్తువునకు చోటు, తేదీ, కొలతలు వ్రాయించినచో, కాగితములేని బడికి ఇన్నాళ్లకు ఒక పట్టీ యేర్పడును.