ఊరివారి ఆటమైదానం - సెయింట్ ఆండ్రూస్

గోల్ఫ్ ఆట అనగానే మనలో చాలమందికి ఎత్తైన ప్రహరీగోడ, ద్వారమువద్ద కావలివాడు, సభ్యులకు మాత్రమే ప్రవేశమని తెలిపే పలక మనస్సులో మెదలుతవి. మన దేశములో ఈ ఆట ఆ రూపముననే అడుగుపెట్టినది. 1829లో కలకత్తాలో వెలసిన గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవుల వెలుపల ఉన్నవాటిలో అన్నిటికన్న పాతది. అది దొరలు తమకొరకు ఏర్పరచుకొన్నది. అందుచేత ఇది కలవారి వినోదమనే భావము మనలో నాటుకొనిపోయినది. కాని ఈ ఆటకు పుట్టినిల్లని పేరుపొందిన సెయింట్ ఆండ్రూస్ పట్టణమునకు, స్కాట్లండు తూర్పుతీరమునకు, వెళ్ళిన యాత్రికునికి కనిపించే దృశ్యము వేరు.

అక్కడి ఓల్డ్ కోర్సు అనే మైదానము ఊరి వీధుల అంచుననే మొదలవుతుంది. మొదటి గుంటకు, కడపటి గుంటకు పోయే పచ్చికకు అడ్డముగా ఒక బాట ఉన్నది. సముద్రపుటొడ్డుకు పోయే జనము ఆ బాటమీదుగానే నడుస్తారు. వారు దాటేవరకు ఆటగాడు కర్ర ఎత్తక నిలిచి ఉంటాడు. సాధారణముగా ఆదివారము అక్కడ ఆట ఉండదు. ఆనాడు ఊరివారు పిల్లలతోను, కుక్కలతోను వచ్చి ఆ పచ్చికమీద తిరుగుతారు.

ఇది ఎట్లు సాధ్యమైనదో తెలుసుకోవాలంటే ఆ నేల చరిత్ర వినవలెను. సముద్రపుటిసుకకు, సాగుభూములకు నడుమ ఉండే గడ్డినేలను అక్కడివారు లింక్సు అంటారు. నాగలికి పనికిరాని ఆ నేలమీద గొఱ్ఱెలు మేసేవి, ఊరివారు బట్టలు ఆరవేసుకొనేవారు, తీరిక వేళ బంతి ఆడుకొనేవారు. 1457లో స్కాట్లండు పార్లమెంటు, ప్రజలు విలువిద్యను మరచిపోతున్నారని గోల్ఫును నిషేధించినది. నిషేధము నిలువలేదు, ఆట నిలిచినది. 1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఇచ్చిన శాసనపత్రము, ఆ నేలమీద ఆడుకొనే హక్కు ఊరివారిదేనని ధ్రువపరచినది. అక్కడ కుందేళ్ళను పెంచుకొనే హక్కు తనకు ఉంచుకొన్నది.

ఆ కుందేళ్ళే తరువాత తగవు తెచ్చినవి. 1797లో అప్పులపాలైన పట్టణ పాలకులు ఆ నేలను చేజార్చుకొన్నారు. అది కుందేళ్ళ వర్తకుల వశమైనది. కుందేళ్ళు త్రవ్విన బొరియలతో పచ్చిక పాడైపోగా, ఆటగాళ్ళకు, వర్తకులకు న్యాయస్థానములలోను, వెలుపలను చాలకాలము పోరు సాగినది. చివరకు 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి, తానుకూడ గోల్ఫు ఆటగాడే, ఆ నేలను కొని ఆటను కాపాడినాడు. 1894లో పార్లమెంటు చట్టము ద్వారా పట్టణమే దానిని తిరిగి కొనుక్కొన్నది. 1974 నాటి మరొక చట్టముతో ఒక ట్రస్టు ఏర్పడి, నేడు ఓల్డ్ కోర్సుతో కలిపి ఏడు మైదానములను నిర్వహిస్తున్నది. మైదానము ప్రక్కనే రాతిమేడలో ఉన్న ప్రసిద్ధమైన రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు దానికి యజమాని అని పలువురు అనుకొంటారు. అది నిజము కాదు.

ఆట తీరులోను ఈ నేల ముద్ర ఉన్నది. ఆటగాళ్ళు ఊరినుండి బయలుదేరి తొమ్మిది గుంటలు ముందుకు పోయి, తొమ్మిది గుంటలు ఆడుతూ తిరిగివస్తారు. లోకమంతట గోల్ఫునకు పద్దెనిమిది గుంటలు ఉండుటకు మూలము, 1764లో ఇక్కడ ఇరవైరెండింటిని పద్దెనిమిదికి తగ్గించుటే. పోయేవారికి, వచ్చేవారికి ఏడు గుంటలకట్టలు ఉమ్మడి. ఒకే పచ్చికపై రెండు జెండాలుంటవి: పోయేవారికి తెలుపు, వచ్చేవారికి ఎరుపు. ఆ జంటల సంఖ్యలను కూడితే ఎప్పుడును పద్దెనిమిదే. రెండవది పదునారవదానితోను, మూడవది పదునైదవదానితోను ఇట్లు పొత్తు కలిసినవి. దారిలో నూటికి పైగా ఇసుకగోతులు. వాటిలో ఒకదాని పేరే నరకము.

దూరదేశపు యాత్రికుడు ఇక్కడ ఎట్లు ఆడగలడు? సిఫారసు అక్కరలేదు, క్లబ్బు సభ్యత్వమడిగేవారు లేరు. ఆటలో తన స్థాయిని తెలిపే హాండికాప్ పత్రము చూపి, మరొక ఆటగానితో కలిసి చీటీలలో పేరు వేయించుకొంటాడు. చీటీ ఎవరి పేరున వస్తే వారికి వేళ. కోటీశ్వరుడైనను, బడిపంతులైనను చీటీకి ఒకటే. రానివారు ప్రక్క మైదానములలో ఆడుకొంటారు. వైద్యకారణమున్న వారు తప్ప తక్కినవారు కాలినడకనే పోవలెను.

ఇంతమాత్రాన అంతా సమమని చెప్పజాలము. వేసవిలో ఒక్క ఆటకు పరదేశి చెల్లించే రుసుము మూడువందల పౌండ్లు దాటినది. కొన్ని వేళలు ప్రయాణసంస్థల ద్వారా ముందే అమ్ముడుపోతవి. ఊరివారు మాత్రము స్వల్పమైన వార్షిక రుసుముతో ఏడాది పొడుగున ఆడుకొంటారు. పరదేశి ఇచ్చే సొమ్ము ఆ పచ్చికను పోషిస్తున్నది. ఆ సొమ్ముకు ఆశపడి ఊరివారి వేళలు తరిగిపోకుండ చూచుటే ట్రస్టుకు నిత్యపరీక్ష.

మన గ్రామములలోను ఊరుమ్మడి నేల ఉన్నది. పగలు పశువులు మేస్తవి, సాయంకాలము పిల్లలు ఆడుకొంటారు, తిరునాళ్ళకు డేరాలు లేస్తవి. అది ఎవరిదని అడిగితే అందరిదని చెబుతాము. అందరిదైన నేలకు పత్రము ఎక్కడ ఉన్నదో, ఆక్రమణ జరిగిననాడు ఎవరు న్యాయస్థానమునకు పోవలెనో మాత్రము ముందుగా ఆలోచించము. సెయింట్ ఆండ్రూస్ పౌరులు ఒకసారి ఆ నేలను పోగొట్టుకొన్నవారే. తిరిగి సంపాదించుటకు వారికి దాదాపు నూరు సంవత్సరములు పట్టినది. అక్కడ ఆడివచ్చే యాత్రికుడు తన లెక్కపత్రముతోబాటు ఈ సంగతికూడ వెంట తెచ్చుకొంటే ఆ ప్రయాణము సార్థకము.