వీధి చిత్రములు – పరిశోధనా ధర్మము



నాయుడుపేట బస్సు స్టాండులో నిలిచినవానిని వందమంది చూతురు. బస్సు కదలగానే మరతురు. కెమెరా మరువదు. బహిరంగ స్థలమున తీసిన చిత్రమును పరిశోధనకు వాడినచో దోషమేమని అడుగువారు ఈ భేదమును గమనింపరు.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున 2014లో ఎనిమిది కెమెరాలతో రెండువేలకు పైగా జనుల నడకను చిత్రించిరి. ఒక కెమెరాలో కనబడిన మనిషిని మరొకదానిలో యంత్రము గుర్తుపట్టవలెనని వారి ప్రయత్నము. ఆ చిత్రములను ఎవరైనను తీసికొనునట్లు బయటపెట్టిరి. ఆరుబయట చిత్రించుటయు, అట్లు బయటపెట్టుటయు విశ్వవిద్యాలయము ఇచ్చిన అనుమతికి విరుద్ధములని పిదప తేలెను. 2019లో వాటిని ఉపసంహరించిరి గాని, నకళ్లు అప్పటికే దేశదేశములకు చేరినవి. ఎరువిచ్చిన పుస్తకమైనను ఎప్పటికో తిరిగివచ్చును!

ఉమ్మడి రాష్ట్రమున 2013లో చేసిన ప్రజా భద్రతా చట్టము, జనసమ్మర్దము గల సంస్థలు కెమెరా చిత్రములను 30 దినములు దాచవలెనన్నది. అది భద్రతకై దాచినది. గ్రంథాలయ పద్దులో ఎవరే పుస్తకము గొనిపోయిరో వ్రాయుట పుస్తకము తిరిగివచ్చుటకే గదా. పాఠకుల మనసు శోధించువానికి ఆ పద్దు నప్పగించుట న్యాయమగునా? కనీసము ముఖములు చెరుపనిదే కెమెరా చిత్రమును పరిశోధకున కీయరాదు.

2023 నాటి కేంద్ర చట్టము పరిశోధనకు మినహాయింపు చూపినది. వ్యక్తిగత సమాచారముతో ఆ వ్యక్తిని గూర్చి నిర్ణయము చేయరాదని దాని నిబంధన. నిఘా విద్యకు ఇది చాలదు. పరిశోధకుడు ఎవరిపైనను తీర్పు చెప్పడు; అతని యంత్రము రేపు పోలీసు ఠాణాలో చెప్పును. 2022లో తెలంగాణ హైకోర్టు ముందుకు వచ్చిన వ్యాజ్యము అట్టి ముఖ గుర్తింపు యంత్రములను గూర్చినదే.