నాన్నగారితో గోదావరి దాటిన ప్రయాణం
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శుభ సందర్భంలో నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆజ్ఞాపించారు. నేను పండితుడను కాను, బోధకుడను కాను. చరిత్ర చెప్పగలవారు ఇక్కడ అనేకులున్నారు. నేను చెప్పగలిగింది ఒక సైకిలు ప్రయాణం సంగతి మాత్రమే.

అది 1978 మే నెల. బడిపంతులుగా పనిచేసిన మా నాన్నగారు అప్పుడే ఉద్యోగ విరమణ చేశారు. నాకు 19 ఏళ్లు. ఒకనాటి సాయంకాలం ఆయన, "బాబూ, దుమ్ముగూడెం వైపు వెళ్లివద్దాం, సైకిళ్ల మీద" అన్నారు. బస్సులున్నాయి గదా అన్నాను. "బస్సు రోడ్డున్న ఊరికే పోతుంది. నేను పోవలసిన ఊరికి రోడ్డు లేదు" అన్నారు.

డోర్నకల్ నుండి కొత్తగూడెం రైలు దారిన 54 కిలోమీటర్లు. మా బండిబాటలు అంతకంటే ఎక్కువే తిరిగాయి. అక్కడి నుండి భద్రాచలం మరో 40. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరేవాళ్లం. పది దాటితే ఎండకు తాళలేక ఏ ఇప్పచెట్టు కిందనో ఆగి, సద్ది తిని పడుకునేవాళ్లం. పొద్దు వాలాక మళ్లీ తొక్కడం. అవి తునికాకు రోజులు. ఆకు కట్టలు నెత్తిన పెట్టుకొని ఆడవాళ్లు వరుసగా ఎదురొచ్చేవారు.

పాల్వంచ దాటాక నాన్నగారి నిదానం నాకు విసుగు పుట్టించింది. చెప్పకుండానే ముందుకు తొక్కుకుంటూ పోయాను. చాలాసేపటికి ఒక చెట్టు నీడన ఆగి చూశాను. గంట గడిచినా ఆయన జాడ లేదు. గుండె దడదడలాడుతుండగా వెనక్కు తిరిగాను. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆయన సైకిలు నడిపించుకుంటూ వస్తున్నారు. వెనుక చక్రం గాలి దిగిపోయింది. ప్యాచీలు, సొల్యూషను, గాలిపంపు ఉన్న సంచి నా కారియరు మీద ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. "పంపు నీ దగ్గరే ఉండిపోయింది" అన్నారు, అంతే. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

భద్రాచలం వంతెన మీద ఆయన ఆగారు. ఆ వంతెన 1965లో వచ్చింది. "1951లో నేను సైకిలును పడవలో వేసుకొని దాటాను. అప్పుడు ఈ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం, ఆ ఒడ్డు మద్రాసు రాష్ట్రం. నా జేబులో ఉన్న హాలీ రూపాయిలను పడవవాడు తీసుకోనన్నాడు. తోటి ప్రయాణికుడొకాయన నా బాడుగ ఇచ్చి, తన గూడేనికే తీసుకుపోయాడు" అని చెప్పారు. ఆయన ఒక కోయ రైతు. ఆ గూడెంలో నాన్నగారు పిల్లలకు చదువు చెబుతూ ఒక సంవత్సరం గడిపారు. తరువాత చలిజ్వరం పట్టి తెలివి తప్పితే, ఆ రైతు, ఆయన అన్నదమ్ములు మంచం మీద దుమ్ముగూడెం దాకా మోసుకొచ్చారట. అక్కడి నుండి బంధువులు ఇంటికి తీసుకుపోయారు. నాన్నగారు మళ్లీ ఆ గూడెం చూడలేదు.

దుమ్ముగూడెంలో గోదావరికి అడ్డంగా కట్టిన పాత ఆనకట్ట చూపించారు. పందొమ్మిదో శతాబ్దంలో నౌకాయానపు పనులకు వచ్చిన ఇంజనీరు హేగ్ గారే అక్కడి కోయల మధ్య మిషను పనికి నాంది పలికిన సంగతి మీకు తెలిసినదే. ఆ రాత్రి ఒక బడి వరండాలో పడుకొని, మరునాడు అడవిబాట పట్టాం.

గూడెం చేరేసరికి ఆ రైతు చనిపోయి మూడేళ్లయింది. ఆయన భార్య, ముసలామె, గుడిసె ముందు ఆకులు కట్టలు కడుతోంది. నాన్నగారు కోయ మాటల్లో తానెవరో చెప్పారు. ఆమె చాలాసేపు ముఖంలోకి చూసి ఒక్కటే అడిగింది. నాన్నగారు నాకు అర్థం చెప్పారు: "జ్వరం తగ్గిందా?"

తరువాత ఆమె చెప్పింది. నాన్నగారు బతికారో లేదో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. సంతకు పోయినప్పుడల్లా ఆమె భర్త, డోర్నకల్ వైపు నుండి వచ్చినవారు కనబడితే "పంతులు ఉన్నాడా?" అని అడిగేవాడట. నాన్నగారు నేలమీద కూలబడి ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

తిరుగు ప్రయాణంలో నేను ఆయనకు ముందు తొక్కలేదు. ఒక చోట ఆయన అన్నారు: "కృతజ్ఞత నా మనస్సులో ఎప్పుడూ ఉంది బాబూ. మనస్సులో ఉన్నది వాళ్లకెట్లా తెలుస్తుంది? ఒక కార్డు ముక్క రాసి దుమ్ముగూడెం పంపితే ఎవరో ఒకరు చేరవేసేవారు."

నాన్నగారు 1985లో ప్రభువునందు నిద్రించారు. ఆ పంపు నేటికీ మా ఇంట్లో ఉంది.

ప్రియులారా, ఈ నూరేండ్లలో మనలను మోసుకొచ్చిన వారు ఎందరో ఉన్నారు. వారిలో బతికి ఉన్నవారికి, మనం క్షేమంగా ఉన్నామన్న ఒక్క మాట చేరవేద్దాం. ఆలస్యమైనా బయలుదేరుదాం.