పెరటి పూదోటయే చిత్రశాల
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు అక్షరభిక్ష పెట్టుచున్న గ్రంథాలయపు రజతోత్సవమున మాటాడు అవకాశ మిచ్చినందులకు కృతజ్ఞుడను. పుస్తకముల నడుమ నిలిచి పూవులను గూర్చి చెప్పుట వింతగా తోచవచ్చును. కాని చూచుటయు ఒక చదువే. చిత్రకారునకు మొదటి పుస్తకము వాని ఇంటి పెరడు.

బొమ్మ వేయుటకు కాశ్మీరమునకో ఊటీకో పోవలెనని కొందరనుకొందురు. పెరటిలోని మందారమును చూడుడు. ఐదు రేకులు, నడుమనుండి వెలికివచ్చిన పొడవైన కాడ, దాని చుట్టును పుప్పొడి, కొసను ఐదు ఎర్రని చుక్కలు. నందివర్ధనపు రేకులు ఒకే వైపునకు మెలిదిరిగి గాలిచక్రమువలె నుండును. పారిజాతమునకు తెల్లని రేకులు, కాషాయపు కాడ. చంద్రకాంత సాయంకాలమునగాని విచ్చదు. తెల్లని పూవు సైతము ఎల్లవేళల తెల్లగా నుండదు. నీడలో నీలిఛాయ, సంజెవెలుగులో పసిమి, ఆకుల చెంత లేత పచ్చదనము దానిపై తోచును. ఒకే మల్లెపొదను ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము చిత్రించువానికి రంగుల పాఠము వేరుగా చెప్పనక్కరలేదు.

ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు క్లాడ్ మొనే చేసినది ఇదియే. 1883లో ఆయన జివెర్నీ అను పల్లెలో కాపురము పెట్టి ఇంటి ముందర పూదోట వేసెను. 1893లో ప్రక్కనున్న నేలను కొని, ఏటిపాయ నీటిని మళ్లించి కలువకొలను త్రవ్వించ బూనెను. ఆ క్రొత్త మొక్కలవలన నీరు చెడునని పొరుగువారు ఆక్షేపించిరి. కాలువ నీటి తగవులెరిగిన మనకు ఈ మాట క్రొత్త కాదు! ఆయన పట్టు విడువలేదు. 1926లో కన్నుమూయువరకు ఆ కలువలనే సుమారు 250 పటములుగా చిత్రించెను. కండ్లకు శుక్లములు క్రమ్మినను కుంచె దించలేదు. తోట ఒక్కటే, చూపు మాత్రము నిత్యనూతనము.

మన కృష్ణాతీరమున ఈ విద్య లేకపోలేదు. బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీగారు చిత్రకళ నేర్పిరి. అడివి బాపిరాజుగారు వారి శిష్యులు. ఆ బందరు చెంతనే పెడనలో నేటికిని కలంకారీ పని సాగుచున్నది. గుడ్డను కరక్కాయ రసములోను పాలలోను తడిపి ఆరవేయుదురు. ఇనుపతుప్పును బెల్లపునీటిలో నానవేసి నల్లరంగు తీయుదురు. టేకుచెక్కపై చెక్కిన పూలలతల అచ్చులను రంగు రంగునకు వేరుగా అద్దుదురు. ఒక పూవు గుడ్డపై నిలుచుటకు ఇన్ని చేతులు కావలెను.

అంతదూర మేల? బెజవాడ ఆటోనగర్‌కు పోయి చూడుడు. సుత్తుల మోత, నూనె మరకలు. అట్టిచోటను లారీ బాడీ కట్టుట ముగిసిన పిదప రంగులవాడు వచ్చి చెక్కలపై తామరపూవును దిద్దును. లారీ ఏ రాష్ట్రమునకు పోయినను మన చెరువు తామర దానితో కూడ పోవును. ఇనుపపనిలో నున్నవాడును పూవును మరువడు.

అయితే నాకొక దిగులు కలదు. అచ్చుపనికి యంత్రముద్రణము పోటీ వచ్చినది. లారీలపై అతికించు బొమ్మలు వచ్చినవి. పెరళ్లు సిమెంటు గచ్చులగుచున్నవి. పిల్లలు సెల్‌ఫోనులోని గులాబీని చూచి గులాబీని వేయుచున్నారు. అది ఒకరు చూచిన పూవునకు నకలు. వారు చూచిన పూవు కాదు. చూడని పూవునుండి క్రొత్త అచ్చు పుట్టదు. యంత్రమువలన పోయిన పనిని ఏనాడైన తిరిగి తెచ్చుకొనవచ్చును. చూచు అలవాటు పోయిన తిరిగి తెచ్చుకొనుట కష్టము.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక మనవి. గ్రంథాలయపు గోడ ప్రక్కన నాలుగు మందారపు కొమ్మలు, ఒక నందివర్ధనము, ఒక మల్లెపొద నాటుడు. ఆదివారమున పిల్లలకు తలకొక కాగితము, పెన్సిలు ఇచ్చి ఆ మొక్కల ముందర కూర్చుండబెట్టుడు. వారి బొమ్మలను పుస్తకాల బీరువాల ప్రక్క వ్రేలాడగట్టుడు. ఖర్చు స్వల్పము. ఇంటిలో చోటులేనివారు కుండీలో ఒక్క బంతిమొక్క పెంచినను చాలును.

స్వర్ణోత్సవము నాటికి ఈ గోడలపై మన ఊరి పూవులు, మన పిల్లల చేతివ్రాతతో వికసించుగాక!